ఏది మురికి?

ఆవకాయ పెట్టే రోజున మా ఇంట్లో తడి చేత్తో జాడీ దగ్గరికి వెళ్తే ఊరుకోరు. మామూలుగా అన్నిటినీ కడిగే నీళ్ళే ఆ రోజుకి మురికి. క్లీన్‌రూముల చరిత్ర చదువుతుంటే నాకు ఆ జాడీయే గుర్తొచ్చింది.

1960ల మొదట్లో అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే ఆయనకి ఓ ఐడియా వచ్చింది. పడిన దుమ్ము తుడుస్తూ కూర్చోవడం కాదు, ఫిల్టర్ చేసిన గాలిని గదంతా ఒకే దిశలో పంపిస్తూ లేచిన దుమ్ముని లేచినట్టే బయటికి తోసెయ్యడం. 1963లో అక్కడి ప్రభుత్వం దీనికి కొలతలు పెట్టింది. ఒక ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకన్నా పెద్ద రేణువులు వంద మించకపోతే క్లాస్ 100. పదివేలు మించకపోతే క్లాస్ 10,000. 1999లో ఐఎస్ఓ నంబర్లొచ్చి క్లాస్ 100 కాస్తా ఐఎస్ఓ 5 అయింది గానీ, పాత పేర్లు ఇంకా పోలేదు.

మరి ఏ క్లాస్ కావాలి? ఎంత తక్కువైతే అంత మంచిది అనేస్తాం. హ్యూస్టన్‌లోని నాసా జాన్సన్ సెంటర్ అలా అనుకోలేదు. అంటార్కిటికా ఉల్కలకి క్లాస్ 10,000, చంద్రుడి రాళ్ళకి 1,000, తోకచుక్క ధూళికి 100 పెట్టింది. వేల ఏళ్ళు మంచులో పడున్న ఉల్కకి అంతకన్నా ఖరీదైన గది కట్టి ఏం లాభం?

జెనెసిస్ నౌకకి మాత్రం క్లాస్ 10 గది. అది తేవాల్సింది సౌరపవనం. రెండేళ్ళకి పైగా పట్టినా మొత్తం బరువు నాలుగైదు ఉప్పు రవ్వలంత. సిలికాన్, సఫైర్, బంగారం లాంటి పలకల మీద పట్టాలి. పలకకి ముందే అంటిన మురికిని చూసి సూర్యుడనుకుంటే అంతే సంగతులు!

2004 సెప్టెంబర్ 8న తిరిగొచ్చినప్పుడు పారాచూట్ తెరుచుకోలేదు. గంటకి 300 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో యూటా ఎడారి బురదలో కూరుకుపోయింది. వేగం తగ్గడాన్ని పసిగట్టే స్విచ్‌లు డిజైన్‌లోనే తలకిందులయ్యాయట. పాత మిషన్ డిజైనే కదా అని, తప్పు పట్టుకోగలిగే టెస్టు వదిలేశారు. ఈ కథ మనకి కొత్తేం కాదు లెండి.

పలకలు ముక్కలు ముక్కలయ్యాయి. క్లాస్ 10 శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరేనా? కాదు. బురద పైపైనే ఉంది. సూర్యుడి పరమాణువులు పలకలోకి కొన్ని పదుల నానోమీటర్ల లోతుకి దిగిపోయాయి. పలకల్ని మొదట్నుంచీ అంత స్వచ్ఛంగా ఎంచి, అంత శుభ్రంగా అమర్చారు కాబట్టే లోపల దొరికింది సూర్యుడిదేనని చెప్పగలిగారు. ముక్కల్ని అతిశుద్ధమైన నీటితో కడిగారు. భూమితో పోలిస్తే సూర్యుడిలో ఆక్సిజన్-16 వాటా ఎక్కువని 2011లో తేల్చారు.

క్లాస్ నంబరు గాలిలో దుమ్ముని లెక్కపెడుతుంది, అంతే. మనం వెతికేదానికి ఏది మురికో, అది ఎక్కడ ఉంటే చెరుపో నంబరు చెప్పదు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో 99.999 అని రాసేసే ముందు నేనూ ఆ ప్రశ్న వేసుకోవాలి. ఇన్నాళ్ళూ వేసుకోలేదు.