గ్రంథస్వామ్యం: రిజిస్టరు ఎవరికోసం?

కాప్రాలో రచయిత మిత్రులు నలుగురు కలిస్తే ఒక సందేహం తప్పక వినబడుతుంది: రిజిస్టరు చేయించకపోతే మన రచనకు రక్షణ ఉండదా? ఉంటుంది. అయితే ఈ సందేహం ఉత్తపుణ్యాన పుట్టింది కాదు. దాని వేళ్లు వలసపాలనలో ఉన్నాయి.

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1847లో చేసిన చట్టం ప్రకారం, పుస్తకాన్ని ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయించనిదే హక్కుదారు దావా వేయడానికి వీల్లేదు. హక్కు ఉన్నట్టే ఉండేది; దాన్ని నిలబెట్టుకునే దారి మాత్రం రుసుము చెల్లించినవాడికే తెరుచుకునేది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది ఈ చట్టం అమలులో ఉన్న రోజుల్లోనే.

1908లో బెర్లిన్‌లో సవరించిన బెర్న్ ఒప్పందం, లాంఛనాలతో నిమిత్తం లేకుండానే రచనకు రక్షణ ఉండాలన్నది. 1911 నాటి బ్రిటిష్ చట్టమూ, దాన్ని అనుసరించిన 1914 నాటి భారత చట్టమూ నమోదు షరతును వదిలేశాయి. స్వతంత్ర భారతం చేసిన 1957 చట్టం రిజిస్టరును ఉంచింది గాని తప్పనిసరి చేయలేదు. నమోదు వల్ల హక్కు పుట్టదు. 48వ సెక్షన్ ప్రకారం అది కోర్టులో ప్రాథమిక సాక్ష్యం మాత్రమే.

మరి అంతటితో రచయిత సురక్షితుడేనా? కాప్రా పక్కనే 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లు తయారుచేసింది. 1984 సవరణ కంప్యూటరు ప్రోగ్రామును కూడా సాహిత్య రచనల్లో చేర్చింది. ఏ సంస్థలోనైనా ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన ప్రోగ్రాముకు నమోదు లేకుండానే హక్కు పుడుతుంది. కాని వేరే ఒప్పందం లేకపోతే 17వ సెక్షన్ ఆ హక్కును రాసినవాడికి కాక, రాయించిన యాజమాన్యానికి అప్పగిస్తుంది. పత్రికలో జీతానికి రాసే ఉద్యోగి పరిస్థితి కొంత మెరుగు: పత్రికలో ప్రచురించుకునే హక్కు యజమానిది, మిగిలినది రచయితది. అదీ వేరే ఒప్పందం లేకపోతేనే.

అంటే అసలు ప్రశ్న రిజిస్టరుది కాదు, శ్రమకూ యాజమాన్యానికీ మధ్య ఉన్న సంబంధానిది. రచయిత సంతకంతో రాతపూర్వకంగా జరగని బదిలీ చెల్లదని 19వ సెక్షన్ చెబుతుంది. గడువు రాయని బదిలీ 5 సంవత్సరాలకే పరిమితమని 1994 సవరణ చేర్చింది. ఈ రెండు సంగతులూ తెలియక, ప్రచురణకర్త చాపిన కాగితం చదవకుండా సంతకం పెట్టే రచయితను ఏ రిజిస్టరూ కాపాడలేదు.

రిజిస్టరు చేయించుకోదలచినవారు చేయించుకోవచ్చు; వివాదం వస్తే పనికొస్తుంది. చేయించలేనివారు తేదీ వేసిన రాతప్రతినీ, ఉత్తరప్రత్యుత్తరాలనూ భద్రపరచుకోవాలి; అవీ సాక్ష్యాలే. ఒప్పంద పత్రాలను సామూహికంగా చదివి చర్చించే పనిని మాత్రం రచయితల సంఘాలే చేపట్టాలి. ఒంటరి రచయిత బేరమాడలేడు.