మాంసకృత్తులూ మానవ భాషా: ఒక ఉపమ కథ

మాంసకృత్తు అంటే ఇరవై అక్షరాలతో రాసిన వాక్యమని నేను చాలా ఏళ్లపాటు విద్యార్థులకు చెబుతూ వచ్చాను. అమైనో ఆమ్లాలు అక్షరాలు. అవి గొలుసుగా కూడితే వాక్యం. చెప్పటానికి సులువు, వినటానికి సొంపు. ఒకనాడు అధ్యయన తరగతిలో వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, "వాక్యమైతే చెప్పేదెవరు మాస్టారూ, వినేదెవరు?" అని అడిగాడు. నవ్వి దాటేశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

ఈ ఉపమకు బలం చేకూర్చినవాడు ఫ్రెడరిక్ శాంగర్. కేంబ్రిడ్జిలో ఆయన ఇన్సులిన్‌ను ముక్కలు చేసి, ముక్కల కొసలు ఎక్కడ కలుస్తాయో పోల్చుకుంటూ, 1955 నాటికి 51 అమైనో ఆమ్లాల వరుసనూ తేల్చాడు. చినిగిన తాళపత్రాలను జతపరిచే పరిష్కర్త ఓపిక అది. ఆవు, గొర్రె, పంది ఇన్సులిన్లను పోల్చి చూస్తే భేదమంతా మూడు స్థానాలకే పరిమితం. మిగిలిందంతా ఒకటే పాఠం.

భాషాశాస్త్రం చదివినవారికి ఇది పరిచితమైన దృశ్యం. మన చెవి తమిళంలోనూ చెవే, కన్నడంలో కివి. తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలకు తోబుట్టువనీ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి తోడుగా రాసిన వ్యాసంలో నిరూపించింది ఇటువంటి పోలికల బలంతోనే. జుకర్‌కాండల్, పౌలింగ్‌లు 1965లో అణువులను జీవపరిణామ చరిత్రకు దస్తావేజులుగా చదవవచ్చునని వాదించారు. ఇంతవరకు సామ్యం గట్టిదే: జ్ఞాతులను పక్కపక్కన నిలిపి పూర్వీకుణ్ణి ఊహించటమే రెండుచోట్లా పద్ధతి.

చిక్కు అన్వయం దగ్గర వస్తుంది. మన ఆలంకారికులు దూరాన్వయాన్ని దోషమన్నారు. మాంసకృత్తుల్లో అది నిత్యకృత్యం. 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్‌లో 26వ స్థానంలోని సిస్టీన్ ఎక్కడో 84వ స్థానంలో ఉన్న సిస్టీన్‌తో గంధకపు బంధం కలుపుకుంటుంది. గొలుసు ముడుచుకుంటే గాని పనిచేయదు. అమెరికాలో క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ ఆ బంధాలను తెంచి, యూరియాతో ముడుపు విప్పాడు. తర్వాత యూరియా తొలగించి గాలి తగలనిస్తే అది తనంతట తానే సరిగా ముడుచుకుని పనికి దిగింది. ఈ సంగతి 1961లో వెల్లడించాడు. చెప్పేవాడు లేడు, వినేవాడు లేడు. నీరుంది, విద్యుదావేశాలున్నాయి. చెట్టును చెట్టనటానికి మాట్లాడే జనం ఒప్పుదల కావాలి. వాలీన్ వాలీన్‌లా ప్రవర్తించటానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. (జన్యుసంకేతంలో ఒప్పుదల వంటిది కొంత ఉన్నదేమో, అది వేరే వ్యాసానికి తగిన కథ.) ఈమధ్య యంత్రాలు లక్షలాది వరుసలను గ్రంథాల్లా చదివి ముడుపు ఆకారాన్ని అంచనా కట్టటం నేర్చాయి. హసాబిస్, జంపర్‌లకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం దక్కింది అందుకే. వాటి విజయం కూడా చాలావరకు జ్ఞాతుల పోలిక మీదే నిలిచింది.

ఇక నేను చేసిన అసలు తప్పుకు వస్తాను. కొడవలి కణాల జబ్బున్నవారి హీమోగ్లోబిన్ వేరని 1949లో పౌలింగ్ బృందం చూపింది. తేడా ఒకే ఒక్కచోట ఉందని 1957లో వెర్నన్ ఇన్‌గ్రమ్ తేల్చాడు: గ్లూటామిక్ ఆమ్లం ఉండవలసినచోట వాలీన్. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని రక్తకణాన్ని కొడవలిలా వంచుతాయి. దీన్ని "అచ్చుతప్పు" అన్నారు, నేనూ అన్నాను. అచ్చుతప్పు అంటే తప్పులేని ప్రతి ఒకటి ఎక్కడో ఉందన్నమాట, ఈ మనుషులు చెడిపోయిన ప్రతులన్నమాట! మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఉంది. "వీళ్ల రక్తంలోనే లోపం" అని ఒక ఆస్పత్రి వరండాలో ఎవరో తేలిగ్గా అనేస్తుంటే విన్నాను. నా పాఠమే నాకు వినిపించినట్టయింది.

అప్పటికే, 1954లో, తూర్పు ఆఫ్రికాలో ఆంథొనీ ఆలిసన్ మరో సంగతి బయటపెట్టి ఉన్నాడు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ మార్పు సంక్రమించిన పిల్లలకు మలేరియా నుంచి గణనీయమైన రక్షణ ఉంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. మలేరియా ఉన్న నేల మీద ఒక అర్థం, లేనిచోట మరొకటి. ఫ్రాంక్ లివింగ్‌స్టన్ అనే మానవశాస్త్రవేత్త 1958లో ఇంకొక అడుగు ముందుకు వేశాడు. పశ్చిమాఫ్రికాలో అడవి నరికి సేద్యం సాగించాక దోమలకు నీటిమడుగులు ఏర్పడ్డాయి, మలేరియా పాతుకుంది, దానితో ఈ మార్పూ విస్తరించింది. అంటే ఆ ఒక్క వాలీన్ నిలిచిపోవటం వెనక గొడ్డలి పట్టిన సేద్యగాడి చేతులున్నాయి. చెప్పేదెవరన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఈపాటిది.

ఈ ఏడు అదే పాఠం చెబుతూ బల్ల మీద "అచ్చుతప్పు" అని అలవాటుగా రాసి, చెరిపేశాను. దాని స్థానంలో రాయటానికి సరైన మాట ఇంకా దొరకలేదు.