సామాజిక సంస్థలకు నిధులు, స్థానిక మద్దతు: తెలుగు ప్రాంతాల చరిత్ర

ఒక సామాజిక అవసరాన్ని తీర్చడమే ప్రధాన లక్ష్యంగా పెట్టుకుని, అందుకయ్యే ఖర్చును విరాళాలకన్నా వస్తువుల అమ్మకం ద్వారా, సేవలకు వచ్చే రుసుము ద్వారా రాబట్టుకునే సంస్థను సామాజిక సంస్థ అంటారు. భారతదేశంలో వీటికంటూ ప్రత్యేక చట్టం లేనందువల్ల సహకార సంఘం, సొసైటీ, ట్రస్టు, లాభాలు పంచుకోని కంపెనీ, ఉత్పత్తిదారుల కంపెనీ, చివరికి మామూలు ప్రైవేటు కంపెనీ రూపంలో కూడా ఇవి నడుస్తున్నాయి. ఎంచుకున్న రూపాన్ని బట్టే ఎవరి సొమ్ము తీసుకోవచ్చో, నిర్ణయాల్లో ఎవరి మాట చెల్లుతుందో తేలుతుంది. తెలుగు ప్రాంతాల్లో ఈ సంస్థల చరిత్ర చాలావరకు సభ్యుల పొదుపు, ప్రభుత్వ ధనం, మార్కెట్ పెట్టుబడి అనే మూడింటి మధ్య పెనుగులాటగా సాగింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో వడ్డీవ్యాపారుల చేతుల్లో చిక్కిన రైతులకు అప్పు పుట్టే మార్గం వెతకమని ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి అప్పగించగా, ఆయన 1895లో మొదలుపెట్టి సమర్పించిన నివేదికలో జర్మనీలోని రైఫైజన్ పరపతి సంఘాల పద్ధతిని సిఫారసు చేశాడు. ఒకరి నడవడి ఒకరికి తెలిసిన ఒకే ఊరివాళ్లు సభ్యులుగా చేరి, సంఘం అప్పులకు అందరూ కలిసి బాధ్యత వహించడం ఆ పద్ధతికి ఆధారం. ఆస్తి లేనివాడికి ఊరి నమ్మకమే హామీగా నిలుస్తుందన్న ఈ ఊహ 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం ద్వారా దేశమంతటా వ్యాపించింది. 1912 చట్టం పరపతితోపాటు కొనుగోలు, అమ్మకం, ఉత్పత్తి సంఘాలకూ దారి తెరవడంతో, 1933లో విశాఖపట్నం జిల్లా ఏటికొప్పాకలో చెరకు రైతులు సహకార చక్కెర కర్మాగారాన్ని నెలకొల్పుకోగలిగారు. 1956లో నేటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో ఏర్పడిన గ్రామీణ సహకార బ్యాంకు పంట రుణాలు, ఎరువులు, విత్తనాలు, ధాన్యం అమ్మకం అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. పండిన పంట సంఘం ద్వారానే అమ్ముడుపోతున్నందున అప్పు తిరిగి రాబట్టుకోవడం సంఘానికి పెద్ద సమస్య కాలేదు.

అయితే ముల్కనూరు లాంటివి మినహాయింపులే. స్వాతంత్ర్యానంతర ప్రణాళికా యుగంలో ప్రభుత్వమే సహకార సంఘాల్లో వాటాధనం పెట్టింది. ధనంతోపాటు అధికారమూ వచ్చింది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కింద ఎన్నికలు ఎప్పుడు జరపాలో, పాలకవర్గాన్ని ఎప్పుడు రద్దు చేయాలో ప్రభుత్వం, రిజిస్ట్రారు నిర్ణయించగలిగేవారు. సభ్యులు సంఘాన్ని తమదిగా కాక సర్కారు కార్యాలయంగా చూడడానికి, ఎన్నికల ముందు అప్పు మాఫీ కోసం ఎదురుచూడడానికి ఈ ఏర్పాటే ప్రధాన కారణమని చెప్పడం తప్పు కాదు.

ఈ పరిస్థితిని మార్చాలని హైదరాబాదు కేంద్రంగా పనిచేసే కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ (సహవికాస) చాలా ఏళ్లు కృషి చేసింది. కేంద్ర ప్రణాళికా సంఘం నియమించిన బ్రహ్మప్రకాశ్ కమిటీ 1991లో ఒక నమూనా చట్టాన్ని సూచించింది. ఈ రెండింటి ఫలితంగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. వాడుకలో ‘మాక్స్ చట్టం’ అని పిలిచే దీని ప్రకారం సంఘం ప్రభుత్వ వాటాధనం తీసుకోదు. నియమావళిని సభ్యులే రాసుకుంటారు. ఎన్నికలు, ఆడిట్ సకాలంలో జరిపించే బాధ్యత సంఘానిదే. తర్వాత కర్ణాటక, బీహార్, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేశాయి. పాల సంఘాలను తిరిగి 1964 చట్టం కిందికి తెస్తూ 2006లో రాష్ట్రం చేసిన సవరణను హైకోర్టు కొట్టివేయగా, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. నిధుల చరిత్రలో ఈ చట్టానికి రావలసినంత పేరు రాలేదు. బయటి సొమ్ముకు ముందు సభ్యుల సొమ్ము ఉండాలన్న సూత్రానికి చట్టబద్ధమైన రూపం దొరికింది దీనితోనే.

ఇంకో పాయ మహిళల పొదుపు నుంచి పుట్టింది. 1982లో కేంద్రం ప్రారంభించిన గ్రామీణ మహిళా శిశు అభివృద్ధి పథకం ఆంగ్ల సంక్షిప్త నామమే ‘ద్వాక్రా’. ఆ పథకం పోయినా, పొదుపు సంఘాలను తెలుగువాళ్లు నేటికీ ద్వాక్రా గ్రూపులనే పిలుస్తారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి రగిలిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి దారితీయగా, అదే జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకో రూపాయి దాచే సంఘాలు వెలిశాయి. నమోదు లేకుండా ఇరవైమందికి మించి కలిసి లాభార్జన కార్యకలాపం నడపరాదన్న అప్పటి కంపెనీ చట్టం నిబంధన వల్ల ఒక్కో సంఘం సాధారణంగా పదిమంది నుంచి ఇరవైమంది లోపే ఉండేలా స్థిరపడింది. సమావేశంలో హాజరు వేసి, పొదుపు వసూలు చేసి, ఎవరికి అప్పు ఎందుకు కావాలో అందరి ముందూ చెప్పించి, తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలో వేలిముద్రలో తీసుకుంటారు. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, లెక్కల పుస్తకాలు అనే అయిదింటినీ పంచసూత్రాలంటారు. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) 1992లో అయిదు వందల సంఘాలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం ఈ తీర్మానం పుస్తకాన్నే ఒక విధంగా పూచీపత్రంగా స్వీకరించింది. తాకట్టు అడగని అప్పు బ్యాంకుల నుంచి పేదల ఇళ్లకు చేరడం అప్పటినుంచే విస్తారమైంది.

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మద్దతుతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలను గ్రామ సమాఖ్యలుగా, వాటిని మండల సమాఖ్యలుగా కూర్చే ప్రయోగం 1990ల ద్వితీయార్ధంలో జరిగింది. దాన్ని ఆధారంగా చేసుకుని 2000లో ప్రపంచబ్యాంకు రుణంతో ‘వెలుగు’ పథకం ఆరు జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతటా విస్తరించి ‘ఇందిరా క్రాంతి పథం’గా మారింది. 2004లో వచ్చిన పావలా వడ్డీ పథకం కింద నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు శాతానికి మించిన వడ్డీని ప్రభుత్వం భరించేది. తర్వాత అది వడ్డీ లేని రుణంగా మారింది. ఈ రాయితీ సంఘాలను నిలబెట్టిందనడంలో సందేహం లేదు గాని, గ్రూపులో చేరడం పొదుపు కోసం కాక రాయితీ కోసమన్న అభిప్రాయాన్ని కూడా అదే పెంచింది. 2011లో మండల సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి వాటాధనం పెట్టి ఏర్పాటు చేసిన ‘స్త్రీనిధి’ సహకార సమాఖ్య రాష్ట్ర విభజన తర్వాత రెండు సంస్థలుగా కొనసాగుతోంది.

ఇదే కాలంలో హైదరాబాదు సూక్ష్మరుణ సంస్థలకు దేశంలోనే ప్రధాన కేంద్రమైంది. స్వచ్ఛంద సంస్థలుగా మొదలైన కొన్ని వేగంగా పెరగడానికి వాటాదారుల పెట్టుబడి కావాలని కంపెనీలుగా మారాయి. బలవంతపు వసూళ్లు, అధిక వడ్డీలపై ఆరోపణలతో 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సంస్థల శాఖలు మూయించారు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ స్టాక్‌మార్కెట్లో నమోదైంది. రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో అదే ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, జిల్లా స్థాయి నమోదును తప్పనిసరి చేసి, వారం వారం వసూళ్లను నెలవారీకి మార్చి, వసూళ్లు బహిరంగ స్థలంలోనే జరగాలని, మొత్తం వడ్డీ అసలును మించరాదని శాసించింది. దాంతో రాష్ట్రంలో చెల్లింపులు దాదాపు ఆగిపోయాయి. రిజర్వుబ్యాంకు తాను నియమించిన మాలెగాం కమిటీ సూచనల మేరకు ఈ సంస్థలకు ప్రత్యేక వర్గాన్ని ఏర్పరచింది. రిజర్వుబ్యాంకు నియంత్రణలోని సంస్థలకు, ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పు ఇచ్చింది. వాటాదారుకూ రుణగ్రహీతకూ మధ్య ఊరివాళ్ల ఉమ్మడి సంస్థ ఏదీ లేకపోవడమే ఈ సంక్షోభంలో అందరికన్నా ముందు గమనించవలసిన లోపం.

సభ్యుల సంఘాన్నీ మార్కెట్ పెట్టుబడినీ కలిపి వాడుకున్న ఉదాహరణ అరకు కాఫీ. అరకు లోయ గిరిజన రైతులు 2007లో మాక్స్ చట్టం కింద సంఘంగా నమోదయ్యారు. హైదరాబాదులోని నాంది ఫౌండేషన్ సాంకేతిక సహాయం అందించింది; కొన్ని యూరోపియన్ కంపెనీలు కూడి ఏర్పాటు చేసుకున్న లైవ్లీహుడ్స్ ఫండ్, చెట్లు పీల్చుకునే కార్బన్ లెక్కకు బదులుగా మొక్కల పెంపకానికి ముందుగానే డబ్బు పెట్టింది; అమ్మకాన్ని పెట్టుబడిదారులున్న వేరే కంపెనీ చూసుకుని, 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. ఇలా ఉత్పత్తి సంఘాన్నీ అమ్మకం కంపెనీనీ వేరుగా ఉంచడం వల్ల వాటా కొన్నవారు కంపెనీ దాకా వస్తారే గాని రైతుల సంఘంలోకి రారు. ముల్కనూరు పరిసరాల్లో మహిళల పొదుపు సంఘాల నుంచి ఎదిగి 2002లో మొదలైన పాల సహకార సంఘం మాత్రం ప్రైవేటు వాటాదారులను పిలవకుండానే తన ‘స్వకృషి’ పాలను మార్కెట్లోకి తెచ్చింది.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం నిర్ణీత పరిమితికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఖర్చులో కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షను చెబుతుంది. అందువల్ల పరిశ్రమలు ఉన్నచోట ఈ సొమ్ము సులువుగా దొరుకుతుందేగాని, పరిశ్రమలు లేని కొండ, మెట్ట ప్రాంతాల్లోని సంఘాలకు దూరం. 2019–20 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజికి స్టాక్‌మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022లో నిబంధనలు రూపొందించింది; ఇందులో లాభాపేక్ష లేని సంస్థలు ‘జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్’ పత్రాలు జారీ చేయవచ్చు, అంటే కొన్నవారికి వడ్డీ గాని అసలు గాని తిరిగి రాదు, సంస్థ చేసిన పని నివేదిక మాత్రమే అందుతుంది. 2022 నిబంధనల్లో పేర్కొన్న లాభాపేక్ష లేని సంస్థలు ట్రస్టులు, సొసైటీలు, లాభాలు పంచని కంపెనీలు కాబట్టి, తెలుగు ప్రాంతాల్లో అతి విస్తారంగా పెరిగిన పొదుపు సంఘాలూ, మాక్స్ చట్టం కింది సహకార సంఘాలూ ఈ జాబితాలో కనిపించవు.