గోదావరీ లోయలోని అస్థిశాసనములు



రాజవంశముల చరిత్ర వ్రాయువానికి శాసనములును నాణెములును ఆధారములు. వెన్నెముక గల జంతువుల చరిత్ర వ్రాయువానికి రాతిపొరలలో నిలిచిన యెముకలే శాసనములు. ఇట్టి శాసనములలో మిక్కిలి విలువగలవి కొన్ని మన తెలంగాణములో, గోదావరీ ప్రాణహితల లోయలో దొరకినవి. మాలేరి, యామన్‌పల్లి, ధర్మారము అను మన పల్లెల పేర్లు నేడు లోకమందలి ప్రాణిశాస్త్ర గ్రంథములలో కెక్కియున్నవి. మన పిల్లలకు మాత్రము వాని సంగతి తెలియదు. నేటి ప్రసంగమున కిదియే విషయము.

ముందుగా మన పూర్వులు జంతువుల నెట్లు విభజించిరో చూతము. నా చదువు అమరముతో మొదలైనది. ఉపనిషత్తులలో జీవులు అండజములు, జరాయుజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని పుట్టుకను బట్టి నాలుగు తెగలుగా చెప్పబడినవి. అమరసింహుడో, చాలవరకు వాసమును బట్టి పంచెను. చేప, కప్ప, తాబేలు, మొసలి వారివర్గములో చేరినవి. పాములు పాతాళభోగివర్గములోనికి పోయినవి. సింహమును లేడియు నెమలియు నున్న సింహాదివర్గములోనే సాలీడును తేలును గలవు. నిఘంటువునకు ఈ పద్ధతి చాలును, పదము దొరకుటయే దాని ప్రయోజనము గనుక. చుట్టరికము తెలిసికొనుటకు మాత్రము చాలదు. ఒక సత్రములో దిగినవారందరు ఒక గోత్రమువారు కారు గదా!

మన వైద్యులు శరీరము లోపలికి చూచిరి. సుశ్రుతుడు శవమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, పారునీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిదప పొరపొరగా తీసి పరీక్షింపుమనెను. ఆతని లెక్కలో మనుష్యున కెముకలు 300. చరకుని లెక్కలో 360. ఆయన దంతములను, గోళ్లను గూడ చేర్చెను. నేటివారు పెరిగిన మనుష్యునకు 206 అందురు. బాల్యమున విడివిడిగా నుండి తరువాత కలిసిపోవు ఎముకలు పెక్కు కలవు గనుక, ఏది ఒకటి, ఏది రెండు అను నిర్ణయమును బట్టియు సంఖ్య మారును. పూర్వుల లెక్కను చూచి నవ్వువారు ఈ సంగతి మరువరాదు.

పాశ్చాత్యులకును ఈ విషయము ఒక్కనాట తేటపడలేదు. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1758లో వెలువరించిన గ్రంథములో కప్పను పామును ఒకే తరగతిలో నుంచెను. ఫ్రాన్సు దేశపు లామార్కు వెన్నెముక గలవి, లేనివి అను పెద్ద విభాగమును స్థిరపరచెను. చేపలు, ఉభయచరములు, సరీసృపములు, పక్షులు, క్షీరదములు అని వెన్నెముక గలవానిని అయిదు తరగతులుగా పాఠశాలలలో చెప్పుచు వచ్చితిమి.

ఈ అయిదింటికిని బంధుత్వ మున్నదనుటకు సాక్ష్యము మీ పశువుల కొట్టములోనే కలదు. ఎద్దు ముందరి కాలిని చూడుడు. నడుమ వంగు కీలును మనము మోకాలందుము. అది నిజమునకు మన మణికట్టు. వెనుక కాలిలో వెనుకకు పొడుచుకొని వచ్చిన కీలు మన మడమ. ఎద్దు రెండు వ్రేళ్ల కొనలపై నడచుచున్నది. చీలిన గిట్ట యన నవియే. గిట్టకు పైన వెనుకవైపున వ్రేలాడు రెండు చిన్న గోళ్లు మరి రెండు వ్రేళ్ల శేషములు. గుఱ్ఱమునకు ఒక్క వ్రేలే మిగిలినది. దానికి రెండు ప్రక్కల సన్నని పుల్లవంటి యెముకలు పోయిన వ్రేళ్ల జ్ఞాపకములు. గబ్బిలమును జనులు పక్షియందురు గాని, దాని రెక్కను విప్పిచూచిన పొడవైన చేతివ్రేళ్లు కనబడును. పైచేతికి ఒక యెముక, ముంజేతికి రెండు, మణికట్టున చిన్నవి కొన్ని, పిదప వ్రేళ్లు. మనుష్యుని చేతిలో, ఎద్దు కాలిలో, గబ్బిలము రెక్కలో, తిమింగిలము తెడ్డులో కూర్పు ఇదియే. మెడలో మనకు ఏడు పూసలు, జిరాఫీకిని ఏడే, 1975లో మా కొత్తపేటకు తూర్పున వనస్థలిపురము వద్ద నేర్పరచిన హరిణ వనస్థలిలోని కృష్ణజింకకును ఏడే. పనులు వేరు, పనిముట్టు ఒకటి. ఒకే పూర్వుని ఆస్తిని వారసులు తమతమ యవసరములకు మలచుకొన్నట్లున్నది.

అయినచో ఆ పూర్వు లెవరు? దీనికి రాళ్లే సమాధానము చెప్పవలెను. మా కొత్తపేట, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతపు బండలు మాత్రము చెప్పజాలవు. హైదరాబాదు చుట్టునున్న ఈ నల్లబండ సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగిన పదార్థము గట్టిపడి యేర్పడినది. అప్పటికి ఎముక గల ప్రాణి లేనే లేదు. ఎముక నిలువవలెనన్న ఇసుకయు బురదయు తెచ్చి కప్పెడు నది కావలెను. కావుననే ఉత్తరముగా గోదావరి కడకు పోవలసియున్నది.

అచ్చటి పొరలు సింగరేణి బొగ్గు పొరలకు బంధువులే. 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించిన విలియం కింగు అను భూతత్త్వశాస్త్రజ్ఞుడే 1881లో ప్రాణహితా గోదావరీ లోయను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. బొగ్గు పొరలకు పైన ఎఱ్ఱని జేగురుమట్టి పొర. దానికి మాలేరి యని ఆసిఫాబాదు ప్రాంతపు పల్లె పేరు. అది స్థూలముగా 22 కోట్ల సంవత్సరములనాటిది. దానికంటె పైది, సుమారు 18 కోట్ల సంవత్సరముల ప్రాంతముది, కోట పొర. కోట ప్రాణహిత యొడ్డున సిరోంచా వైపున నున్న గ్రామము. ఈ రెండు పొరలలో పక్షి యొక్కటి తప్ప తక్కిన నాలుగు తరగతుల పూర్వులును దొరకిరి.

మొదట దొరకినది చేప. కోట వద్ద వాకరను వైద్యునకు దొరకిన రాతిచేపను గూర్చి 1851లో సైక్సు లండనులో ప్రకటించెను. ఈగర్టను దానిని వర్ణించెను. తరువాత నాగపురమున నుండిన స్టీఫెను హిస్లాపు అను స్కాట్లండు మతబోధకుడు, హంటరను సహచరునితో గూడి, మాలేరి పొరలోని యెముకలను లోకమునకు తెలియజేసెను. హిస్లాపు గోండుల కథలను, పాటలను గూడ సేకరించినవాడు. 1863లో వాగు దాటుచు మునిగి మరణించెను. మతబోధ యెట్లున్నను, ఆతని కన్ను మాత్రము గొప్పది.

మాలేరిలో దొరకిన కొన్ని గట్లుగట్లుగా నున్న పండ్లను 1859లో భారత భూతత్త్వ పరిశోధనశాఖ యధిపతి ఓల్డాము వర్ణించెను. అవి సెరటోడసు అను చేపవి. యూరపులో అగాసీ పండితుడు 1838లోనే ఇట్టి పండ్లకు పేరు పెట్టియుండెను. ఆ చేప యెన్నడో నశించినదని యందరు తలచిరి. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నదులలో దాని జ్ఞాతి సజీవముగా కనబడెను! దానికి మొప్పలతోపాటు ఊపిరితిత్తియు గలదు. నీటిలో గాలి తక్కువైనప్పుడు పైకి వచ్చి శ్వాసించును. జలచరము నేలకు ఎట్లు వచ్చెనని యడుగువారికి ఈ చేప సగము జవాబు.

తక్కిన సగము చెప్పుటకు, బల్లపరుపు తల గల ఉభయచరము ఒకటి మాలేరిలోనే దొరకినది. 1965లో రాయ్‌చౌధురి దానిని వర్ణించెను. కప్పలకు అది దూరపు జ్ఞాతి. ఇక సరీసృపములలో, చిలుకముక్కువంటి మూతియు పైదవడలో వరుసలు వరుసలుగా పండ్లును గల శాకాహారి యొకటి. దీని స్కాట్లండు బంధువునకు 1859లో హక్స్‌లీ పేరుపెట్టెను. బ్రెజిలు, అర్జెంటీనా, టాంజానియాలలోను ఈ జాతులే దొరకినవి. ఈదలేని జంతువు ఇన్ని ఖండముల కెట్లు పోయెను? ఆనాడు భూభాగములన్నియు కలిసియుండెను గనుక. దక్షిణ ఖండముల ఆ పాతకూటమికి గోండ్వానా యని పేరు. మన గోండుల దేశము పేరే అది.

వర్గీకరణకు పాఠము చెప్పు జంతువు మరియొకటి యున్నది. పారాసూకసు అను దానిని చూచినవా రెవరైనను మొసలియే యందురు. పొడుగు మూతి, కరకు పండ్లు, కవచము, నీటిగట్టున పొంచుట అన్నియు మొసలివే. కాని మొసలి ముక్కురంధ్రములు మూతికొన నుండగా, దీనివి కన్నుల దగ్గర నున్నవి. ఇది మొసలికి పూర్వుడు కాదు. ఒకే వృత్తి చేయువారికి ఒకే వేషము వచ్చినట్లు పోలిక వచ్చినదే గాని, రక్తము వేరు. వాసమును బట్టి వర్గము నిర్ణయించుటలోని లోప మిచ్చట తేటపడును. మాలేరిలో రెండు పారాసూకసుల కంకాళములు పూర్తిగా దొరకగా, వాని కడుపుల స్థానమున మాలేరిసారసను చిన్న సరీసృపము లుండెను. 22 కోట్ల ఏండ్లనాటి భోజన మది!

ఈ పనిలో స్వతంత్ర భారతమున ముందు నడచినది కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థ. లెక్కలవారికి ఎముకలతో పని యేమని మీరడుగవచ్చును. ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిసు 1957లో లండను నుండి పమేలా రాబిన్‌సను అను విదుషిని పిలిపించెను. ఆమె శిక్షణలో మన యువకులు గోదావరీ లోయకు వచ్చిరి. పోచంపల్లి వద్ద కోట పొరలో మహాకాయము గల రాక్షసబల్లి యెముకలు బయల్పడినవి. ఆ పోచంపల్లి మన చీరెల పోచంపల్లి కాదు, గోదావరీ లోయలోనిది. తొడయెముక యొక్కటియే 5 అడుగులకు మించినది. 1975లో దానికి బారాపాసారస్ టాగోరై యని పేరుపెట్టిరి. వంగభాషలో బారాపా యన పెద్దకాలు. ఠాకూరుని శతజయంతి సంవత్సరమగు 1961ని తలచి రెండవ మాట.

మన భూతత్త్వ పరిశోధనశాఖకు చెందిన పి. యాదగిరి యామన్‌పల్లి వద్ద దొరకిన యెముకలను బట్టి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అను జాతిని ప్రకటించెను. సుమారు 9 మీటర్ల పొడవని అంచనా. 840 అస్థిభాగములు, కనీసము 12 జంతువులవి, ఒక్కచోటనే దొరకినవి. దాని కంకాళము హైదరాబాదులో నౌబత్ పహాడుపై బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియున్నది. పట్టణమునకు వచ్చువారు గుడి చూచి మరలిపోక, ప్రక్కనే యున్న దానిని చూచిపోవలెను.

పెద్ద యెముకకంటె చిన్న పండు ఎక్కువ చెప్పుట కలదు. 1981లో దత్త అను శాస్త్రజ్ఞుడు కోట పొరనుండి ఒక క్షీరదమును ప్రకటించెను. హాల్డేను పేర దానిని కోటథీరియం హాల్డేనై యనిరి. ఇట్టి పండ్లు నిలుచుండి చూచిన కనబడవు; మట్టిని కడిగి, జల్లెడపట్టి, భూతద్దముతో వెదకవలెను. రాక్షసబల్లుల కాళ్ల సందున ఎలుకంత ప్రాణులు తిరుగుచుండెను. మనము ఆ వైపువారము. మాలేరిలోని ఎక్సెరెటొడాను అను జంతువు క్షీరదమునకు ముందరి మెట్టు. దానిని 1982లో శంకర ఛటర్జీ వర్ణించి, గణాంక సంస్థ పేర స్టాటిస్టికే యనెను. సరీసృపమునకు క్రిందిదవడలో పెక్కు ఎముకలు, మనకు ఒక్కటే. తక్కినవి యెటుపోయినవి? దవడకీలున నుండిన రెండు చిన్నవై చెవిలోనికి చేరినవి. మీరు నా మాట వినుచున్నది పూర్వుని దవడయెముకతోనే!

పక్షుల సంగతి వేరు. రెండు కాళ్లపై నడచు మాంసాహార రాక్షసబల్లుల వంశమున పక్షులు పుట్టినవని నేడు నిశ్చయమైనది. ఆ పెద్ద కుటుంబపు తొలినాటి శాఖలవని చెప్పదగినవి మన లోయలోను గలవు. 2007లో ధర్మారము పేర లాంప్లుసారా ధర్మారమెన్సిస్, 2011లో జక్లాపల్లిసారస్, 2025లో మాలేరిరాప్టర్ అను పేర్లు వెలువడినవి. వీనిలో మొదటి రెండును పొడుగు మెడల తెగకు చెందినవి. మూడవది మాంసాహారి.

కొందరు పెద్దలు దశావతారములే పరిణామవాదమనుట నే నెరుగుదును. చేప, తాబేలు, వరాహము అని వరుస చెప్పుదురు. నాకు పురాణములయం దెంత గౌరవమున్నను ఈ వాదము నచ్చదు. వరాహము తరువాత నరసింహుడు ఏ రాతిపొరలోను లేడు. పురాణకర్త తలపెట్టినది భక్తి గాని భూతత్త్వము గాదు. పురాణమును శాస్త్రపు సాక్షిగా బోనెక్కించుట పురాణమునకే చిన్నతనము.

అంతకంటె నన్ను కలతపెట్టినది మరియొకటి. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి 2023 పదవ తరగతి పుస్తకమునుండి పరిణామభాగమును తొలగించెను. పిల్లల భారము తగ్గించుటకని కారణము చెప్పిరి. 1,800కు మించిన శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును అది తగదని వ్రాతపూర్వకముగా కోరిరి. పండ్రెండవ తరగతి జీవశాస్త్రములో ఆ పాఠమున్నది గాని, పదవతోనే చదువు చాలించువాడును, పిదప లెక్కలలోనికి పోవువాడును దానిని చూడడు. మాలేరి వద్ద మేకలు కాచు పిల్లవాడు వీరిలో నొకడు కావచ్చును. ఆతని కాలిక్రింద నున్నది ఆతనికి చెప్పువా రెవరు?

కావున ఆ వైపు గ్రామముల పెద్దలకు నా విన్నపము. బావి త్రవ్వునపుడో, చెరువు పూడిక తీయునపుడో, ఎఱ్ఱమట్టిలో ఎముక యాకారము గల బరువైన రాయి కనబడినచో పలుగుతో కొట్టవలదు. ఇంటికి గొనిపోవనును వలదు. ఏ పొరలో నున్నదో తెలిసిననే దానికి విలువ. స్థలమును గుర్తించి, భారత భూతత్త్వ పరిశోధనశాఖకు వ్రాయుడు. ఆ శాఖ దక్షిణప్రాంత కార్యాలయము మా కొత్తపేటకు దగ్గరలోనే, నాగోలు వైపు బండ్లగూడలో నున్నది. బారాపాసారసునకు గాని కోటసారసునకు గాని పుఱ్ఱె దొరకలేదు. పండ్లు మాత్రము కొన్ని దొరకినవి. తలయెముకలు పలుచనివి, ప్రవాహము వానిని త్వరగా వేరుచేయును. బిర్లా కేంద్రములో మీరు చూచు తల ఊహించి చేసినది. నిజమైన తల ఏ చేనిగట్టు క్రిందనో ఉండవచ్చును.