భయానికి కట్టిన రూపం: బొబ్బిలి ప్రాంతపు దిష్టిబొమ్మలు, వేషాలు, గురజాడ సీసా

ఉపోద్ఘాతం

భయం గొలిపే వస్తువును ఇంట్లోనే తయారుచేసుకోవడం తెలుగు పల్లెకు పాత అలవాటు. పొలంలో నిలిపే గడ్డి మనిషి, కట్టుబడిలో ఉన్న ఇంటికి వేలాడదీసే రాక్షస ముఖం, జాతరలో నాలుక చాపి ఎదురువచ్చే శక్తివేషం, ఇవన్నీ ఆ అలవాటులోనివే. అయితే అధ్యయనాల్లో వీటికి వేరు వేరు గదులు దక్కాయి. వేషాలు జానపద కళల అధ్యాయంలో చేరాయి. దిష్టిబొమ్మలు మూఢనమ్మకాల అధ్యాయంలోకి పోయాయి. ఈ పంపకంలో వాటిని చేసిన చేతి సంగతి మరుగున పడింది. కుండకు సున్నంతో కోరలు దిద్దిన మనిషికి అది తాను దిద్దినదేనని తెలుసు. ఆ ఎరుకతోనే దానిని పొలంలో నిలిపాడు. ఈ ఎరుకను పక్కనపెట్టి 'నమ్మకం' గురించి మాత్రమే మాట్లాడటం వల్ల ఉత్తరాంధ్ర సాంస్కృతిక చరిత్రలో ఒక ముఖ్యమైన తేడా గుర్తింపునకు రాలేదు.

పొలంలోని మనిషి

దిష్టిబొమ్మకు కొనవలసిన వస్తువు ఒక్కటీ లేదు. అడ్డంగా కట్టిన రెండు కర్రలు, చుట్టడానికి ఎండుగడ్డి, తొడగడానికి చిరిగిన చొక్కా, తలగా బోర్లించడానికి మసిబారిన వంటకుండ. కుండ బీటవారి ఇంటికి పనికిరాకుండా పోయాకే పొలానికి పనికివస్తుంది. దాని నల్లదనం పొయ్యి ఇచ్చినది. దాని మీది తెల్లని కళ్ళు, పళ్ళు సున్నపు తొట్టి ఇచ్చినవి. నలుపు మీద తెలుపు దూరం నుంచి కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది గనుక అంతకు మించిన రంగు అవసరం లేదు.

పక్షులు ఈ బొమ్మకు కొద్ది రోజుల్లోనే అలవాటుపడతాయి. కాకి దాని భుజం మీదే వాలుతుంది. ఇది రైతుకు తెలియనిది కాదు. అయినా కోత దాకా బొమ్మను తీయడు. దానికి రెండో పని ఉంది: గట్టు మీద నడిచే మనిషి తొలిచూపు పైరు మీద కాక బొమ్మ మీద పడాలి. కాబట్టి బొమ్మ నిజమైన మనిషిలా ఉండనవసరం లేదు. వికారంగా ఉంటేనే చూపును లాగుతుంది. పసిబిడ్డ బుగ్గన పెట్టే కాటుక చుక్కదీ ఇదే సూత్రం. నిండుతనంలో కావాలని ఒక లోపం దిద్ది చూపును అక్కడ ఆపుతారు.

ఈ గడ్డి మనిషి ప్రాచీనతకు వ్యాకరణశాస్త్రమే సాక్ష్యం. పాణిని అష్టాధ్యాయిలోని 'లుమ్మనుష్యే' (5.3.98) అనే సూత్రానికి కాశికావృత్తి చూపిన ఉదాహరణ 'చంచా'. చంచా అంటే గడ్డితో చేసిన మనిషి. దానిని పోలిన మనిషినీ అదే మాటతో పిలవవచ్చునని తాత్పర్యం. 'దిష్టిబొమ్మలా నిలబడ్డావేం' అని నేటికీ తెలుగు ఇళ్ళలో వినిపించే చీవాటులో ఉన్నదీ ఆ పోలికే. దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. భయపెట్టడానికి చేసిన బొమ్మ, దానిని చేసిన సమాజంలో ఆదినుంచీ ఎగతాళికి కూడా వస్తువే. రాజకీయ నిరసనల్లో నాయకుల 'దిష్టిబొమ్మ దహనం' అని పత్రికలు రాసేటప్పుడు ఈ రెండో అర్థమే పైకి వస్తున్నది. గడ్డి, పాత బట్టలు మాత్రం మారలేదు.

ఇంటి ముందరి ముఖం

ఇంటి విషయంలో కుండ స్థానాన్ని బూడిద గుమ్మడికాయ తీసుకుంటుంది. గుడ్లురిమే కళ్ళు, మెలితిరిగిన మీసం, బయటికి పొడుచుకువచ్చిన కోరలు, చాపిన నాలుక, ఇదే దాని ముఖరచన. దేవాలయ ద్వారాల మీది కీర్తిముఖానికీ, వీణ కొనన చెక్కే యాళి ముఖానికీ ఈ రచనతో దగ్గరి బంధుత్వం ఉంది. బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు మలచే కుటుంబాల ఉలి కింద ఆ ముఖం ఎంతో నాజూకు తేలింది. గుమ్మడికాయ మీద అది మొరటుగానే మిగిలింది. కాయ కుళ్ళేదాకానే దాని ఆయుష్షు కనుక నాజూకుతో పనిలేదు.

ఐరోపాలో, ముఖ్యంగా ఐర్లండులో, హాలోవీన్ నాటి రాత్రికి దుంపను తొలిచి ముఖం చెక్కి లోపల దీపం పెట్టేవారు. అమెరికా చేరాక దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది. పోలిక ఆకర్షణీయమే గాని, తేడాయే ఎక్కువ చెబుతుంది. ఆ కాయకు చీకటి కావాలి. ఇక్కడి కాయను తొలవరు, వెలిగించరు. పట్టపగలు, వచ్చేపోయేవారందరి కంటికీ ఆనేచోట కడతారు.

పగలు కట్టే వేషం

'పగటి వేషం' అనే పేరులోనే ఈ తేడా ఉంది. వేదిక లేదు, తెర లేదు, దీపాల మాయ లేదు. ప్రేక్షకుడికి చేతికందే దూరంలో, సూర్యుడి వెలుతురులో వేషం నిలవాలి. పసుపురంగుకు అర్దళం, ఎరుపుకు సింధూరం, నలుపుకు కాటుక, జడలకు జనపనార, భుజకీర్తులకూ కిరీటాలకూ తేలికైన పొణికి చెక్క. వీటిని వేషగాళ్ళ కుటుంబాలే సిద్ధం చేసుకొనేవి. రోజుకొక వేషంతో ఊరు తిరిగి, చివరికి సంభావన అడగడానికి వచ్చేసరికి నిన్నటి శక్తి, మొన్నటి ఫకీరు ఒకే మనిషి అని ఇంటింటా తెలిసిపోతుంది. రహస్యం విప్పడం వేషంలో భాగమే. విప్పనిదే వేషగాడికి కూలి గిట్టదు.

యుద్ధం విడిచిన మాను

బొబ్బిలి చరిత్రలో అకాలమరణాల జ్ఞాపకం 1757 జనవరి 24 నాటి యుద్ధంతో ముడిపడి ఉంది. బుస్సీ సేనల అండతో విజయనగర ప్రభువు పెద విజయరామరాజు కోటను ముట్టడించడం, కోటలోని స్త్రీలు, పిల్లలు స్వజనుల చేతనే ప్రాణాలు విడవడం, ఆపై విజయరామరాజు తన గుడారంలోనే హతుడు కావడం తెలిసినవే. రాజు సోదరి పైడితల్లి ఆ వార్త విని పెద్దచెరువులో ప్రాణం విడిచి అమ్మవారైనదని విజయనగరం ఐతిహ్యం. విజయదశమి తరువాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవంలో సుమారు 50, 60 అడుగుల చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. మానుకు ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగుతాయి. బొబ్బిలికి సమీపాన శంబర పోలమాంబ జాతరలోనూ సిరిమాను ఉంది.

ఈ మానును దక్షిణాదిన విస్తారంగా ఉండిన సిడిమానుతో పోల్చి చూడాలి. సిడిలో మనిషి వీపు కండలో కొక్కెం దిగేది. 19వ శతాబ్దంలో ఆంగ్ల అధికారుల ఒత్తిడితో అది క్రమంగా వెనుకబడింది. సిరిమాను మీద కొక్కెం లేదు, ఆసనం ఉంది. అయినా మాను గాలిలోకి లేచినప్పుడు జనసమూహం ఊపిరి బిగబడుతుంది. ఆ మాను ఏ తోపులో దొరికిందో, ఎవరు చెక్కారో, ఎలా బిగించారో ఊరంతటికీ తెలుసు. తెలిసినందువల్ల గగుర్పాటు తగ్గలేదు. నెత్తురు లేకుండా భయాన్ని నిలబెట్టగలగడం ఆ చేతిపనిలోని ఘనత.

గవరయ్య సీసా

ఇదే విజయనగరంలో గురజాడ అప్పారావు రాసిన 'కన్యాశుల్కం' 1909 నాటి విస్తృత రూపంలో భయం తయారీ వేరొక దారి పట్టింది. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి పెళ్ళికూతురుగా అమ్ముతాడు. శిష్యుడు వేషం విప్పి మాయమవుతాడు. దిక్కుతోచని ఆ ఇంట్లోకి పూజారి గవరయ్య ప్రవేశించి, వచ్చినది పిల్ల కాదు, కామినీ పిశాచమని తేల్చి, దెయ్యాన్ని బిగించిన సీసా చూపుతాడు.

పొలంలోని కుండనూ ఈ సీసానూ పక్కపక్కన ఉంచి చూడాలి. కుండ లోపల ఏమీ లేదని అందరికీ తెలుసు. భయమంతా బయట దిద్దిన ముఖంలో ఉంది. సీసా బయట ఏమీ లేదు. భయమంతా లోపల ఉందని గవరయ్య అంటాడు. కుండకు మాటలు అక్కరలేదు. సీసాకు పక్కన నిలబడి చెప్పే నోరు కావాలి, ఆ నోటికి రుసుము కావాలి. రెంటినీ 'మూఢనమ్మకం' అనే ఒకే పద్దులో రాయడం అందుకే సరికాదు.

అలాగని దాచిన వేషమంతా దోపిడీయేనని కూడా గురజాడ అనలేదు. కరటకశాస్త్రి కట్టించినదీ దాచిన వేషమే. అది ఒక పసిపిల్లను అమ్మకం నుంచి తప్పించింది. ఆయన వృత్తిరీత్యా నటుడు కావడం యాదృచ్ఛికం కాదు. వేషాన్ని ఎప్పుడు కట్టాలో, ఎప్పుడు విప్పాలో తెలిసినవాడు అతడు. గవరయ్య మాత్రం సీసా మూత విప్పడు. నాటకాన్ని మొదట చదివిన విజయనగరం పాఠకులు ఏటా అశ్వయుజంలో సిరిమాను వీధుల వెంట కదలడం చూస్తూ పెరిగినవారు. ఆ సీసాను చూసి వారు నవ్వడానికి కొత్తగా హేతువాదం నేర్చుకోవలసిన అవసరం ఉండి ఉండదు.