కావలి రుసుమును కిస్తును: తిరునెల్వేలి పాళెములను గూర్చి కొంత విచారణ

తిరునెల్వేలి సీమలోని నల్లరేగడి నేలలందు శతాబ్దుల క్రిందట స్థిరపడిన తెలుగువారి ప్రసంగము రాగానే పాంచాలంకురిచ్చి కట్టబొమ్మ నాయకుడు స్ఫురించును. 1799 అక్టోబరు 16వ తేదీన మేజరు బానర్మన్ ఆయనను కయత్తారులో ఉరి తీయించెను. కుంపిణీ అధికారుల వ్రాతలలో పాళెగాండ్రు దోపిడికాండ్రు. మన కథలలో వీరులు. ఈ రెండు మాటల నడుమ రైతు ఎవరికి ఏమి చెల్లించెనో విచారించినవారు తక్కువ.

మధుర నాయకరాజుల నాడు ఏర్పడిన పాళెములలో తెలుగు నాయకులవి పెక్కు గలవు. పాళెగానికి పన్నుతోపాటు కావలి రుసుమును ముట్టుచుండెను. ఒక్క గ్రామమునకు కాపుండుట స్థలకావలి. అనేక గ్రామములపై గల హక్కు దేశకావలి. పశువులు దొంగల పాలైనచో కావలిదారు వెదకి తేవలెను, లేనిచో నష్టమిచ్చుకొనవలెను. ఏర్పాటు న్యాయమైనదే. అయితే 18వ శతాబ్దిలో నవాబు అధికారము సడలగా బలవంతులైన పాళెగాండ్రు తమ హద్దులు దాటి పరుల గ్రామములపైనను దేశకావలి మోపిరి. రుసుమీయని యూర మందలు మాయమగుచుండెను. పోయిన పశువుల జాడ చెప్పినందుకు ‘తుప్పుకూలి’ యని వేరొక వసూలు గలదు. జాడ చెప్పినవాడే తోలుకొనిపోయినవాడగుటయు గలదు. మనవారని దీనిని దాచుట చరిత్ర కాదు. నేటి పట్టణములలో రౌడీలు అంగళ్లవద్ద గుంజుకొను మామూలు ఇట్టిదే.

తానే కల్పించు అపాయమునుండి తానే రక్షింతునని సొమ్ము గొనుటలో రాజ్యమునకును నేరగాండ్ర ముఠాకును పోలిక గలదని 1985లో అమెరికా పండితుడు చార్లెస్ టిల్లీ యూరపు చరిత్ర నాధారముగా గొని వాదించెను. ఆ మాట కుంపిణీకి ఎంతవరకు తగునో చూతము.

1792 ఒడంబడికచే పాళెగాండ్ర పేష్కషు వసూలు కుంపిణీ చేతికి వచ్చెను. 1801లో కర్ణాటకమంతయు వారి వశమయ్యెను. పాళెగాండ్ర కోటలు కూలెను, ఆయుధములు పోయెను. దోపిడి తొలగెనని ప్రకటించినవారి కిస్తు ఎట్లు వసూలయ్యెనో, పార్లమెంటులో చర్చ జరిగిన పిమ్మట నియమింపబడిన సంఘము 1855లో మదరాసునుండి నివేదించెను. కిస్తు చెల్లింపలేని రైతును తల కాళ్లకు తగులునట్లు వంచి కట్టి యెండలో నిలుపుదురు. ఒక్కొకప్పుడు వీపున రాయి యెత్తుదురు. దీనికి ‘అనందాల్’ అని పేరు. రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లు నలుపుట మఱియొకటి; దానికి తమిళమున ‘కిట్టి’ యని పేరు. తెలుగు జిల్లాలలోను ఇదే పద్ధతి. సంఘమువారు తప్పు దేశీయోద్యోగులపై మోపి దొరలను విడిచిరి. తహసీలుదారు తొందర యెవరి తాఖీదు వలన కలిగినదో మాత్రము వారికి తోపకపోవుట వింత!

ఒక్క భేదము చెప్పవలెను. పశువు పోయినచో కావలిదారు జవాబుదారి. పంట పోయినను కిస్తు పుచ్చుకొన్నవాడు జవాబుదారి కాడు. అయినను దెబ్బలు తిన్న రైతులు దూరపు జిల్లాలనుండి మదరాసు చేరి వాఙ్మూలమీయగలిగిరి. పాళెగానిపై చెప్పుకొనుటకు అట్టి చోటు లేకుండెను.

కావలి మాత్రము పాళెగాండ్రతో పోలేదు. గ్రామ కావలికాండ్రు దానిని నిలుపుకొనిరి. 1895–96లో దిండిగల్ ప్రాంతపు గ్రామస్థులు తామే కూడబలుకుకొని, ఇక రుసుమీయమని వారిని వెడలగొట్టిరి.