పలు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు, బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్

బ్రిటన్‌లో ప్రభుత్వ పెన్షన్‌కు ఆధారం నేషనల్ ఇన్సూరెన్స్ ఖాతా. అందులో ఏటా జమయ్యే ‘అర్హత సంవత్సరాలే’ పెన్షన్ ఎంతో తేలుస్తాయి. ఒకే యజమాని దగ్గర పూర్తికాలం పనిచేసేవారికి ఈ జమ దానంతటదే జరిగిపోతుంది. రెండు మూడు చోట్ల కొన్ని గంటల చొప్పున పనిచేసేవారికి మాత్రం, మొత్తం సంపాదన చాలినంత ఉన్నా, ఆ ఏడాది ఖాతాలో పడకపోవచ్చు.

2016 ఏప్రిల్ 6 నుంచి పెన్షన్ వయసుకు చేరేవారికి కొత్త విధానం వర్తిస్తుంది. పూర్తి పెన్షన్‌కు 35 అర్హత సంవత్సరాలు కావాలి. 10కి తగ్గితే మామూలుగా ఏమీ రాదు. అంతకుముందే ఖాతా ఉన్నవారికి లెక్క కొంత మారుతుంది. 2025-26లో పూర్తి పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. అంటే ఖాతాలో చేరే ఒక్కో ఏడాదికి, బతికినంతకాలం, వారానికి సుమారు 6.58 పౌండ్లు.

చిక్కంతా కనిష్ఠ సంపాదన పరిమితి దగ్గర ఉంది. 2025-26లో అది వారానికి 125 పౌండ్లు, ఏడాదికి 6,500. జీతం 125 నుంచి 242 పౌండ్ల మధ్య ఉంటే ఉద్యోగి చేతి నుంచి పైసా కోయరు, అయినా నేషనల్ ఇన్సూరెన్స్ చందా కట్టినట్టే లెక్క. తక్కువ జీతగాళ్లకు ఇది నిజంగా మేలైన ఏర్పాటు. కానీ ఈ పరిమితిని ఏ ఉద్యోగానికి ఆ ఉద్యోగమే విడిగా దాటాలి. యజమాని ఒకరే అయినప్పుడో, యజమానుల వ్యాపారాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడో తప్ప జీతాలను కలిపి చూడరు.

21 ఏళ్లు నిండినవారికి 2025-26లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. ఒకామె పొద్దున ఒక ఆఫీసు, మధ్యాహ్నం ఒక బడి, సాయంత్రం ఒక దుకాణం శుభ్రం చేస్తుందనుకుందాం. ఒక్కోచోట వారానికి 9 గంటలు. ఒక్కో ఉద్యోగంలో వచ్చేది 109.89 పౌండ్లు. మూడూ కలిపితే ఏడాదికి 17 వేల పౌండ్లు దాటుతుంది. అయినా ఆమె ఖాతాలో ఏడాది జమ కాదు. అదే 27 గంటలు ఒకేచోట చేస్తే జమవుతుంది.

ఆదాయపు పన్ను దగ్గరికి వచ్చేసరికి మూడు జీతాలనూ కలిపే చూస్తారు. 12,570 పౌండ్ల పైన వచ్చిన దానిమీద ఆమె 20 శాతం పన్ను కడుతుంది. పైగా 2025 ఏప్రిల్ నుంచి యజమాని చందా వారానికి 96 పౌండ్ల దగ్గరే మొదలవుతోంది కాబట్టి, ఆమె జీతం మీద యజమాని చందా కట్టాల్సి రావచ్చు కూడా. ఆ చందా ఆమె పెన్షన్‌కు ఏమాత్రం అక్కరకు రాదు. పన్ను వసూలుకు కలిసే జీతాలు పెన్షన్‌కు కలవకపోవడం అన్యాయమనే చెప్పాలి. పార్ట్‌టైమ్ పనుల్లో ఉన్నవారిలో ఎక్కువమంది స్త్రీలు కావడంతో ఈ భారం వాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది.

ఈ నేషనల్ ఇన్సూరెన్స్ వ్యవస్థ 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక నుంచి పుట్టింది. 1948 జులై 5న అమల్లోకి వచ్చింది. మొదట్లో చందా వారానికింత అని స్థిరంగా ఉండేది, కార్డు మీద స్టాంపులు అంటించేవారు. 1975 నుంచి చందాను సంపాదనతో ముడిపెట్టారు.

పోయిన ఏడాదిని నింపుకునే దారులు కొన్ని ఉన్నాయి. 12 ఏళ్లలోపు బిడ్డ పేరిట చైల్డ్ బెనిఫిట్‌కు దరఖాస్తు చేసిన తల్లికి లేదా తండ్రికి ఏడాది జమవుతుంది. ఆదాయం ఎక్కువై డబ్బు వద్దనుకున్నా దరఖాస్తు మాత్రం పెట్టుకోవాలి. తల్లిదండ్రులకు ఆ జమ అక్కర్లేనప్పుడు, వాళ్లు పనికి వెళ్తే బిడ్డను చూసుకునే అమ్మమ్మకో నానమ్మకో దాన్ని బదిలీ చేయించవచ్చు. యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయం పొందేవారికీ, వారానికి 20 గంటలు రోగులకో వికలాంగులకో సేవచేసేవారికీ జమ ఉంది.

ఇవేవీ వర్తించకపోతే స్వచ్ఛంద చందా కట్టవచ్చు. 2025-26కు వారానికి 17.75 పౌండ్లు, ఏడాదికి 923. పెన్షన్ మొదలయ్యాక మూడేళ్లలోపే ఆ సొమ్ము తిరిగి వచ్చేస్తుంది. మామూలుగా గడిచిన ఆరేళ్ల వరకు వెనక్కి వెళ్లి కట్టే వీలుంది. పనుల్లో ఒకటి నిజంగా స్వయం ఉపాధి అయితే ఇంకా చవక: 2025-26లో లాభం 6,845 పౌండ్లకు తగ్గినా వారానికి 3.50 పౌండ్లతో ఏడాది దక్కుతుంది. కట్టేముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తమ ఖాతానూ పెన్షన్ అంచనానూ చూసుకోవాలి, ఎందుకంటే నింపిన ప్రతి ఏడాదీ పెన్షన్‌ను పెంచదు.

చదువుకోవడానికి బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థులకూ ఇదే లెక్క. డిగ్రీ స్థాయి కోర్సుల్లో చేరినవారికి తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనికి అనుమతి. వాటిని రెండుచోట్ల పదేసి గంటలుగా పంచుకుంటే 2025-26 కనీస వేతనంతో ఒక్కోచోట వచ్చేది 122.10 పౌండ్లు, మూడు పౌండ్ల తేడాతో రెండూ పరిమితికి అందకుండా పోతాయి. ఒకచోట 15, ఇంకోచోట 5 గంటలు చేస్తే మొదటి ఉద్యోగం లెక్కలోకి వస్తుంది. చదువయ్యాక అక్కడే ఉద్యోగంలో స్థిరపడేవారికి ఆ తొలి సంవత్సరాలు 10 ఏళ్ల కనీస అర్హతకు కలిసొస్తాయి. పెన్షన్ వయసులో భారతదేశంలో ఉన్నా ఆ పెన్షన్ అందుతుంది. అయితే ఇక్కడ ఉండేవారికి అది మొదలైన మొత్తం దగ్గరే ఆగిపోతుంది. బ్రిటన్‌లో ఏటా ఇచ్చే పెంపు వర్తించదు.